కుంటడం రాని దుప్పి

ఎవరికి నొప్పి ఎక్కువండీ? గొంతు చించుకుని ఏడ్చేవాళ్ళకా, పళ్ళు బిగపట్టి నిటారుగా నిలబడ్డవాళ్ళకా? తొందరపడి చేతులెత్తకండి. ముందు పైడమ్మ సంగతి వినండి.

పైడమ్మ ముసలి దుప్పి. ముందుకాలి మోకాట్లో ఎముక కుళ్ళడం మొదలై రెండేళ్ళు. కంటికి కునుకు లేదు, నోటికి మేత లేదు. ఆ నొప్పిని అణచే ఆకు ఒక్కటే, గంజాయి. ఆ అడవిలో దాన్ని కొరికితే వెలి వేస్తారు. పెద్ద జబ్బేనని ఎలుగుబంటి డాక్టరు అప్పలస్వామి కార్డు రాసిస్తే మాత్రం, ఏనుగులు కాపలా కాసే మడిలోంచి రోజుకో రెమ్మ ఇస్తారు. కార్డులు రాసేది ఏడాదికి ఒక్కరోజే. ఇవాళ దొరక్కపోతే పైడమ్మ వచ్చే ఏడు చూడదు.

ఇప్పచెట్టు కింద, డాక్టరు పాక ముందున్న వరస చివర నిలబడి ఆమె తేరిపార చూసింది. నిన్నటిదాకా కొమ్మలు విరిచిన కోతులు నడుం పట్టుకుని మూలుగుతున్నాయి. అడవిపంది మెడ వాల్చేసింది. పక్కన నక్క నూకరాజు పాఠం చెబుతున్నాడు.

"కుంటేటప్పుడు కాలు మారిస్తే ఎలారా? ఎడమంటే చివరిదాకా ఎడమే! ఎక్కడ నొప్పి అనగానే చెప్పేయకు. ముందో నిట్టూర్పు వదులు."

"నీకేం జబ్బు నూకరాజూ?" అంది పైడమ్మ.

"కార్డిచ్చే జబ్బుల జాబితాలో ఏది కావాలంటే అదే అత్తా! మూర్ఛ తీసుకున్నాను, బాగా కుదిరింది. నీకూ నేర్పనా? వచ్చే రెమ్మలో సగం నాది."

"నాకు నిజంగానే ఉందిరా."

"అదే నీ ఖర్మ!"

నూకరాజు లోపలికెళ్ళి, నోట్లో కుంకుడు నురగతో గిలగిలా కొట్టుకున్నాడు. డాక్టరు కంగారుపడి అక్కడికక్కడే కార్డు రాసిచ్చాడు.

పైడమ్మ వంతొచ్చింది. అడుగు తడబడకుండా నడిచి వెళ్ళింది. పుట్టిన రోజే తల్లి చెప్పిన మాట అది: "కుంటే దుప్పి మీదే చిరుత కన్ను. కాలు విరిగినా విరగనట్టే నడువు."

"ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడు డాక్టరు.

నోరు దానంతటదే పలికింది. "అబ్బే, ఏం లేదయ్యా. బానే ఉన్నాను."

"బాగుంటే ఎందుకొచ్చావు? తరవాతి వాళ్ళు రండి!"

బయటికొచ్చి పైడమ్మ కొయ్యబారిపోయింది. తన చావు తన నోటితోనే చెప్పుకుందా!

నూకరాజు పగలబడి నవ్వాడు. "బానే ఉన్నావా అత్తా? అయితే పరిగెత్తి చూపించు!"

ఆ మాట ఆమె చెవిలో గుచ్చుకుంది. పైడమ్మ తోక నిక్కబొడిచి, గొంతెత్తి కూసింది. చిరుత కనపడితే దుప్పి వేసే కూత. దుప్పి దాన్ని ఉత్తినే కూయదని అడవంతటికీ తెలుసు.

అంతే! నడుంనొప్పి కోతులు చిటారుకొమ్మన తేలాయి. వాల్చిన మెడ ఎత్తి పంది పొదల్ని చీల్చుకుపోయింది. అందరికన్నా ముందు మూర్ఛ నూకరాజు, కాళ్ళు నేలకి తగలకుండా! కార్డు ఎటు పడిందో కూడా చూసుకోలేదు. డాక్టరుగారే చెట్టు సగం ఎక్కేశాడు.

కింద పైడమ్మ ఒక్కతే మిగిలింది. తన కూతకి తన కాళ్ళూ కదిలాయి. ఒక్క అడుగు వేయగానే మోకాలు మడతపడి కూలిపోయింది.

డాక్టరు నాలుగు వైపులా చూసుకుంటూ దిగాడు. "చిరుత ఏదమ్మా?"

"నా మోకాట్లో ఉందయ్యా. రెండేళ్ళ నుంచీ తింటోంది."

మోకాలు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నిప్పులా కాలుతోంది. అప్పలస్వామి తల పట్టుకున్నాడు. "పొద్దుట్నుంచీ నేను ఎవరికి రాసిచ్చానమ్మా?" రాసిన కార్డులన్నీ రద్దు చేస్తున్నట్టు చాటించి, కొత్తగా ఒకే ఒక్కటి రాశాడు, పైడమ్మకి.

సాయంత్రానికి నూకరాజు కుంటుకుంటూ వచ్చాడు. ఆ పరుగులో అరికాల్లో ముల్లు దిగింది. "ఈసారి నిజం డాక్టరుగారూ!"

ఎవరూ తలెత్తలేదు. పైడమ్మ మాత్రం రెమ్మ నములుతూ అంది: "నిట్టూర్పు మర్చిపోయావు నూకరాజూ."

నీతి ఒక్కటే: నొప్పిని అరుపుతో కొలిస్తే, నటించేవాడికి మందు, నలిగేవాడికి మట్టి.

కాబట్టి లేవండి. "నాకేం, బానే ఉన్నాను" అనేవాళ్ళు మీ ఇంట్లో ఒకరుంటారు. ఇవాళే వెళ్ళి పక్కన కూర్చోండి. రెండోసారి అడగండి.