వంతెనకి అడ్డంగా మంచం

ఒక్క మాట అడుగుతాను, నీళ్ళు నమలకుండా చెప్పండి. బల్ల మీద బొమ్మ సైన్యాలు పరుచుకుని, పుల్లతో దూరాలు కొలుచుకుని, పాచికలేసి యుద్ధాలాడే మనుషులున్నారే, వాళ్ళ బుర్ర ఇంజనీరు బుర్రలాగే నడుస్తుందంటారా? అవుననేవాళ్ళు చేతులెత్తండి.

బాగుంది. ఎత్తినవాళ్ళు అలాగే ఉంచండి, నేను చెప్పినప్పుడు దించుదురుగాని. ఈలోపు వీరోజు సంగతి వినండి.

వీరోజుది రాతిపని. నెమలిగుట్ట కోటలో ఏ గోడ ఉబ్బినా, ఏ కమాను దిగబడినా కబురు అతనికే వెళ్ళేది. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఉలి పక్కన పెట్టి, గుట్ట కింద ఉండే లతీఫ్ షా అనే ఫకీరు దగ్గరికి పోయేవాడు. ఆయన అతనికి గురువు. గురువంటే బోధలు చేసేవాడని కాదు. ఆయన బోధించగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. శిష్యులొస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని బల్ల యుద్ధం ఆడేవాడు, అంతే.

ఇసుక పోసిన పెద్ద బల్ల అది. గుట్టకి గుట్ట, వాగుకి వాగు, అన్నీ ఆ చుట్టుపక్కలవే. మట్టి గుర్రాలని నాలుగేసి చొప్పున ఒక చెక్క పలక మీద అతికించి ఉంచేవారు. జానెడు పుల్ల వేసినంత దూరం ఒక ఎత్తు. వాన కురిసిందా, గుర్రం బెదిరిందా అన్నది పాచికలు చెప్పేవి. బల్ల మీదివన్నీ ఫకీరు చేసినవే, ఒక్క రాళ్ళవాగు వంతెన తప్ప. అది వీరోజు చెక్కాడు. మొదట చెక్కిన వంతెన మీద గుర్రాల పలక నిలవలేదు, పక్కకి ఒరిగి వాగులో పడింది.

"ఆట కోసం కాస్త వెడల్పు చేస్తాను బాబా," అన్నాడు.

"చెయ్యి నాయనా," అన్నాడు ఫకీరు.

ఆ ఏడాది శత్రువులు వచ్చి రాళ్ళవాగుకి అవతల, అర కోసు దూరంలో గుడారాలు వేశారు. కోటని కాచే కిల్లేదారు కొత్త. అతని వెంట వచ్చిన రౌతులూ కొత్తే. వీరోజు గురువుగారి బల్లలాంటిదే ఇంకొకటి కోటలో పరిచి, అతనికి తన పన్నాగం చూపించాడు. రెండు వందల గుర్రాలు నాలుగేసి వరసన, వేకువన వంతెన దాటాలి. అవతలివాళ్ళు జీను బిగించేలోపు మీద పడాలి, తేరుకునేలోపు వెనక్కి వచ్చెయ్యాలి. అంతకుముందు ఏడు శుక్రవారాలు ఇదే పన్నాగం మీద ఫకీరు శత్రువు వైపు ఆడాడు. ఏడుసార్లూ ఓడిపోయాడు.

"వంతెనకి కాపలా?" అన్నాడు కిల్లేదారు.

"ఒక్కడంటే ఒక్కడు హుజూర్. మూర్ఖులు."

"నీకు ఆ వంతెన తెలుసా?"

"మూడేళ్ళ కిందట దాని కమాను బాగుచేసింది నేనే."

కిల్లేదారు ముఖం వికసించింది. "ఇంకేం! రేపు వేకువనే. గెలిచి వస్తే ఈ కోట కట్టడాల పెత్తనం నీది."

వీరోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. గుట్ట దిగి నేరుగా ఫకీరు దగ్గరికి వచ్చి, జరిగిందంతా చెప్పాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది.

"ఒక్కటి ఒప్పుకోండి బాబా. మీ దగ్గర అందరూ సరదాకి ఆడతారు. నేను కట్టేవాడిలా ఆలోచిస్తాను. అందుకే నాకు ఓటమి లేదు. దీవించండి, వెళ్తాను."

"దీవిస్తాను. వాగు అవతల జబ్బుపడిన ముసలావిడకి ఈ మంచం ఇస్తానన్నాను. ముందు ఒక చెయ్యి వెయ్యి."

ఇద్దరూ నులకమంచం ఎత్తుకుని వంతెన దగ్గరికి వచ్చారు. వీరోజు అలవాటుగా ముందుకి వెళ్ళి పట్టుకోబోయాడు.

"అలా వద్దు, అడ్డంగా పట్టుకో," అన్నాడు ఫకీరు. "పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకుందాం."

నాలుగు అడుగులు వేశారో లేదో, వంతెన పిట్టగోడల మొదట్లోనే మంచం తట్టుకుంది.

"నిలువుగా తిప్పుదాం బాబా."

"ఎందుకు? నాలుగు గుర్రాలు పక్కపక్కన పట్టే వంతెన కదా. ఇంకాస్త తొయ్యి."

వీరోజు తోశాడు. మంచంకోడు రాతిని గీరింది. అవతలి చివర శనగలు నములుతున్న శత్రువుల కాపలావాడు కూర్చున్నచోటు నుంచి లేవకుండానే నవ్వాడు. ఇంతలో వెనకాల గంటలు మోగాయి. ఉప్పు బస్తాల ఎద్దులని తోలుకుంటూ సోమ్లీ అనే లంబాడీ ఆమె వచ్చి నిలబడింది.

"ఏందయ్యా, వంతెన మీద కాపురం పెట్టిన్రా? పక్క కూడా ఏస్తరా?"

"కాస్త ఆగమ్మా," అన్నాడు వీరోజు, చెమట తుడుచుకుంటూ.

"ఆగుత గానీ, నీ మంచం నా ఎద్దు కన్నా గొప్పదా? ఎద్దు ఎనక ఎద్దు పోవాలె ఈడ. పదేండ్ల నుంచి తోలుతున్న, ఏనాడన్న రెండు కలిసి పోయినయా? ఈ వంతెన ఎవడు బాగుచేసిండో వానికన్న తెలుస్తది, పోయి అడుగు!"

వీరోజు మంచం వెనక్కి లాగి దారి పక్కన దించాడు.

పిట్టగోడకి మోచెయ్యి ఆనించి, మూర వేశాడు. ఇంకొక మూర. మూడో మూరకి వేళ్ళు అవతలి గోడని తాకాయి. ఆ గోడలో ఒక రాతి మీద ఉలిగాట్లు కనిపించాయి. తనవే. నాచు పట్టి ఉన్నా గుర్తుపట్టాడు.

సోమ్లీ ఎద్దులు ఒకదాని వెనక ఒకటి, మంచాన్ని తప్పించుకుని పోయాయి. ఆఖరిది దాటేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. రెండు వందల గుర్రాలు ఇలా దాటడానికి ఎంతసేపు పడుతుందో లెక్కవేస్తున్నాడు. తిరిగి రావడానికి ఎంతసేపో కూడా.

"ఏడుసార్లు నా ఎదురుగా కూర్చుని ఓడిపోయారు కదా బాబా!" అన్నాడు. "ఒక్కసారైనా చెప్పలేకపోయారా?"

"బల్ల మీద వంతెన వెడల్పే నాయనా. అక్కడ నేను నిజంగానే ఓడిపోయాను."

పొద్దు వాలుతోంది. వీరోజు మంచం అక్కడే వదిలేసి కోటకి పరుగెత్తాడు.

రౌతులు గుర్రాలకి నాడాలు సరిచూసుకుంటున్నారు. వాళ్ళందరి ముందే కిల్లేదారుకి చెప్పాడు. వంతెన వెడల్పు మూడు మూరలు. గుర్రం వెనక గుర్రం తప్ప దారి లేదు. అవతల ఒక్కడు బల్లెం పట్టుకుని నిలబడితే చాలు.

"రాతిపనివాడివి! బాగుచేసినవాడివి! నీకు తెలియదా?" అని గర్జించాడు కిల్లేదారు.

"తెలుసు హుజూర్," అన్నాడు వీరోజు.

ఎవరో పకపకా నవ్వారు. ఎవరో బూతులు తిట్టారు. కోట పెత్తనం ఇంకొకరికి పోయింది. రెండు వందల మంది జీనులు విప్పి, వండుకుని తిన్నారు.

తరవాతి శుక్రవారం వీరోజు ఒక కొత్త వంతెన చెక్కి తెచ్చాడు. సన్నగా, వేలెడు వెడల్పుంది. పాతది తీసి దాన్ని వాగు మీద పెట్టాడు. గుర్రాల పలక దాని మీద నిలవలేదు.

ఫకీరు పలక తీసుకుని, అతికించిన మట్టి గుర్రాలని గోటితో ఒక్కొక్కటే ఊడదీశాడు. నాలుగింటినీ వంతెన మొదట్లో, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాడు.

"నీ ఎత్తు," అన్నాడు.

ఇక చేతులు దించండి. ఊరికే దించకండి. మీరు కూడా కాగితం మీదో బల్ల మీదో ఏదో ఒక వంతెన వేసే ఉంటారు. ఇవాళే లేచి, ఒక మంచం ఎత్తుకుని అసలు వంతెన దాకా నడిచి వెళ్ళండి. అడ్డంగా పట్టుకోండి.