గొడ్లపాకలో మంచం

వీరదాసుగారిని ఏదైనా అడగాలంటే ముందు నులక కొస పట్టుకోవాలి. ఆయన గుండ్లమిట్టలో మంచాలు అల్లుకుని బతికే సంసారి గురువు. శిష్యుడు ఒక కొస బిగలాగి పట్టుకుని తన గోడు చెప్పుకుంటుంటే, ఆయన రెండో కొస పట్టెకి చుడుతూ వింటాడు. వరస పూర్తయ్యేదాకా నోరు విప్పడు. విప్పినా జవాబు చెప్తాడన్న నమ్మకం లేదు.

ఆ రోజు కొస పట్టుకున్నవాడు ఎస్సై మాల్యాద్రి. పదేళ్ళ శిష్యుడు. ఆయన్ని పీక్కుతింటున్నది ఒక తుపాకీ.

ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి, అయ్యాక తీసుకెళ్ళాలి. అందరూ తీసుకెళ్ళారు, తిరుపాలుది మిగిలింది. అడవి అంచు ఊరు, పందులు పడితే వేరుశనగ చేను ఒక్క పూటలో దున్నేసి పోతాయి, కాబట్టి తుపాకీ అవసరం లేదనడానికి లేదు. కానీ అప్పజెప్పడానికి నెల ముందే అతను భార్య రవణమ్మ చెయ్యి విరగ్గొట్టి, తుపాకీ నింపుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పెద్దమనుషులు రాజీ చేశారు, ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఇవ్వచ్చా, కూడదా అన్నది మాల్యాద్రి రాయాలి. ఆయన ఏం రాస్తే పైవాళ్ళు దానికే సంతకం పెడతారు.

మాల్యాద్రి పని ఎగ్గొట్టే మనిషి కాదు. తిరుపాలుని టౌన్లో పెద్దాసుపత్రికి పంపాడు. మనసు డాక్టరు రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి, ఏ జబ్బూ లేదని రాసిచ్చాడు. చుట్టుపక్కల అయిదుగురు మంచోడన్నారు. రవణమ్మ కూడా తల వంచుకుని, అభ్యంతరం లేదని వేలిముద్ర వేసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. స్టేషన్లో ముసలి హెడ్డు మాత్రం బీడీ ఆర్పుతూ ఒక మాటన్నాడు.

"పిచ్చోడు కాదు సార్. పిచ్చోడైతే మననీ కొట్టేవాడు. ఇతను చూసి చూసి పెళ్ళాన్నే కొడతాడు."

ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. అదంతా చెప్పుకొచ్చి, "చూడాల్సినవన్నీ చూశాను స్వామీ, అయినా పెన్ను కదలట్లేదు. ఇంకేం చూడాలి?" అని అడిగాడు మాల్యాద్రి.

వరస పూర్తయింది. వీరదాసుగారు ముడి వేసి, "ఆ ఇంట్లో మంచాలెన్ని?" అన్నాడు.

మాల్యాద్రికి తెలీదు.

"రేపు ఖాకీ లేకుండా రా. నులక మోద్దువుగాని."

ఏటా ఎండాకాలం వీరదాసుగారు ఇల్లిల్లూ తిరిగి వదులు మంచాలు బిగిస్తాడు, అందుకని వాళ్ళు వెళితే ఎవరూ వింతగా చూడలేదు. తిరుపాలు చేలో ఉన్నాడు. రవణమ్మ వంకర తిరిగిన చేత్తోనే చెంబు అందించింది. తలపాగా చుట్టి నులక మోస్తున్న మాల్యాద్రిని పోల్చుకోలేదు. వేలిముద్ర వేసిన రోజున ఆమె తలెత్తి చూస్తే కదా పోల్చుకోవడానికి.

ఇంట్లో మంచాలు రెండూ బిగించారు. మూడోది పెరట్లో గొడ్లపాకలో ఉందంది తిరుపాలు తల్లి ఓబులమ్మ. వెళ్ళి చూస్తే గేదె పక్కనే, ఎండుగడ్డికి ఆనించి మంచం వేసి ఉంది. కింద పచ్చిగా అలికి ఉంది. తడిక తలుపుకి కొత్త గడియ బిగించారు, అదీ లోపలివైపు.

"ఏం ఓబులమ్మక్కా, గేదెకి కూడా మంచమేశావా?" అన్నాడు వీరదాసుగారు.

ముసలమ్మ నవ్వింది. "గేదెకి కాదు తమ్ముడూ, కోడలికి. తుపాకీ స్టేషన్లో ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే పడుకుంది. శుక్రవారం వచ్చేస్తుందంటన్నాడుగా మావాడు, నిన్ననే సర్దుకున్నాం."

మబ్బు కమ్మితే పిడకలు లోపల పెట్టుకున్నామన్నంత మామూలుగా చెప్పింది. మంచం బిగించి లేవబోతుంటే వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నాక్కూడా ఒకటి అల్లిపెట్టు, ఇక్కడికే. చిన్నదైనా సర్దుకుంటా."

ఊరు దాటాక మాల్యాద్రి, నేను అడిగిన రోజు రవణమ్మ ఒక్క ముక్కా చెప్పలేదే స్వామీ అని వాపోయాడు. ఎక్కడ కూర్చుని అడిగావన్నాడు గురువుగారు. తిరుపాలు అరుగు మీద. తిరుపాలు పక్కన. తిరుపాలు ఇచ్చిన టీ తాగుతూ. చెప్తున్నకొద్దీ మాల్యాద్రి గొంతు సన్నబడిపోయింది.

"మరి చేను పందుల పాలైతే?" అన్నాడు మళ్ళీ తనే.

"డప్పు కొట్టి పందుల్ని తోలడం ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు."

ఇంకా తెగక, మాల్యాద్రి ఆగి నిలబడ్డాడు. "అయితే ఏం రాయమంటారు? మీరే చెప్పండి స్వామీ."

వీరదాసుగారు నులక చుట్ట భుజం మార్చుకున్నాడు.

"ముసలావిడ మంచం అడిగింది. అల్లాలో వద్దో, నువ్వే చెప్పు."