గొంగళిపురుగు ఒంట్లో రెండు రసాలు

ఒకప్పుడు గొంగళిపురుగులకు ఎప్పుడు పడితే అప్పుడు రెక్కలు మొలిచేవి. వాటి ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు విద్యలుండేవి. ఒకటి ఆకు తినే విద్య, రెండోది ఎగిరే విద్య. రెండూ ఒకేసారి మేలుకుని ఉండేవి. "తిను" అని ఒకటి, "ఎగురు" అని ఇంకొకటి పోరు పెట్టేవి.

ఒక నిమ్మచెట్టు మీద రేకమ్మ, పోలయ్య అని అక్కాతమ్ముళ్లు ఉండేవాళ్లు. ఇద్దరూ గొంగళిపురుగులే. పోలయ్య ఇంకా పసివాడు. ఓ రోజు గాలి వచ్చి వాణ్ని పలకరించింది.

"కొండ దాకా పోదాం, వస్తావా?"

ఆ మాటకే పోలయ్యకు రెక్కలు మొలిచాయి.

"కడుపు నిండా తినలేదు, ఆగరా" అంది రేకమ్మ.

"వచ్చి తింటాలే అక్కా" అన్నాడు పోలయ్య.

రెక్కలైతే వచ్చాయి గానీ, వాటిని ఆడించే బలం ఒంట్లో లేదు. పోలయ్య కింద పడ్డాడు. రేకమ్మ దిగి వెళ్లేసరికి వాణ్ని చీమలు మోసుకుపోయాయి.

రేకమ్మ చెట్టు దగ్గర కూర్చుంది. "అవ్వా, నీ కొమ్మల మీద పుట్టినవాళ్లంతా ఇలాగే పోవాలా?"

నిమ్మచెట్టు తన ఆకు కొస నుంచి రెండు చుక్కలు రాల్చి రేకమ్మతో తాగించింది.

"మొదటిది పసిరసం. అది ఒంట్లో ఉన్నంతకాలం ఎగిరే విద్య నిద్రపోతుంది. రెండోది విడుపురసం. అది 'చర్మం విడువు' అని పిలుస్తుంది. రెండూ కలిసి ఉంటే పాత చర్మం విడిచి, ఇంకాస్త పెద్ద గొంగళిపురుగువి అవుతావు. పసిరసం ఇంకిపోయాక విడుపురసం పిలిస్తే మాత్రం, ఆకు తినే విద్య పడుకుంటుంది. ఎగిరే విద్య లేస్తుంది."

రేకమ్మ తింది, చర్మం విడిచింది, మళ్లీ తింది. బాగా లావయ్యాక పసిరసం ఇంకడం మొదలైంది. రేకమ్మకు తమ్ముడు గుర్తొచ్చాడు. భయమేసింది.

"అవ్వా, పసిరసం ఇంకో చుక్క ఇవ్వు. నేనిలాగే ఉండిపోతా."

"ఇస్తాను. ఇంకా లావవుతావు. కానీ గుడ్లు పెట్టలేవు. నీ తర్వాత ఈ కొమ్మ మీద ఎవరూ ఉండరు."

చుక్క ఆకు మీద పడింది. రేకమ్మ దాన్ని చూస్తూ ఉంది. తాగలేదు. ఎండకు అది ఆరిపోయింది.

రేకమ్మ తనను తాను దారంతో కొమ్మకు కట్టుకుంది. చివరి చర్మం విడిచి, గట్టి తొడుగులో కదలకుండా ఉండిపోయింది. లోపల ఆకు కొరికే దవడలు కరిగిపోయాయి. తేనె పీల్చే గొట్టం వచ్చింది. రెక్కలు నిదానంగా తయారయ్యాయి.

తొడుగు పగిలింది. ఎన్నాళ్లుగానో తిన్న తిండి బలమంతా ఒంట్లోనే ఉంది. రేకమ్మ ఎగిరింది. తిరిగొచ్చి లేత ఆకుల మీద గుడ్లు పెట్టింది. పిల్లలకు రెండు రసాలూ పుట్టుకతోనే వచ్చాయి.

అప్పటినుంచే గొంగళిపురుగు పసిరసం ఉన్నన్నాళ్లూ తింటూ, చర్మాలు మారుస్తూ పెరుగుతుంది. అది ఇంకిపోయాకే తొడుగులోకి పోయి, సీతాకోకచిలుకై బయటికొస్తుంది.