నాంచారి కట్టిన పూస

ఊఁ కొట్టండి మరి. ఊఁ కొట్టకపోతే కథ అలిగి పొలిమేర దాటిపోతుంది.

ఈ కొండలు ఇంకా చిన్న గుట్టలుగా ఉన్న రోజుల్లో, ఏటిగడ్డ అనే ఊళ్ళో నాంచారి అనే పూసలమ్మి ఉండేది. నెత్తిన గంప, గంపలో ఎర్రపూసలు, తగరపు బిళ్ళలు, గాజుముక్కలు. "పూసలో, బిళ్ళలో, పాపాయి తళుకులో!" అంటూ వీధి వీధీ తిరిగేది. "ఎందుకే ఈ చెత్త?" అని పెద్దింటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది.

ఆ ఊరి దేవత మబ్బులమ్మ. ఏటా ఎండలు ముదిరాక పల్లకి ఎక్కి పొలిమేర దాకా వెళ్ళి వానను పిలుచుకొస్తుంది. ఆ రోజు ఊరిపెద్ద ఇంటి నగలన్నీ అమ్మవారికి పెట్టేవాళ్ళు. పొద్దుగూకగానే ఒలిచి మళ్ళీ పెట్టెలో దాచుకునేవాళ్ళు.

నాంచారి మాత్రం పల్లకి కర్రకి ఒక పూస కట్టేది. "నువ్వూ ఆడపిల్లవే గదమ్మా. ఇది నీదే, ఉంచుకో" అనేది. పిల్లలు తప్ప ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు.

ఒక ఏడు నాంచారి చచ్చిపోయింది. గంపను కూడా ఆమెతోనే మట్టిలో పెట్టారు. ఆ ఏడు బావులు అడుగంటాయి. దూడలు తడిమట్టి నాకాయి.

పల్లకి ఎత్తబోతే లేవలేదు. ఊరిపెద్ద కాసులపేరు వేశాడు. లేవలేదు. వెండి వడ్డాణం పెట్టాడు. లేవలేదు. పట్టుచీర కప్పాడు. బోయీల భుజాలు కమిలాయి గానీ పల్లకి లేవలేదు. "ఏం తప్పు చేశాం తల్లీ?" అని ఊరంతా గొల్లుమంది.

అప్పుడు కుమ్మరోళ్ళ పిల్ల చంద్రి, "నాంచారవ్వ పూస ఏదీ?" అంది. దాని మెడలో ఒక పూస ఉంది. అవ్వ ఇచ్చిందే. దానికున్నది అదొక్కటే. దారం తెంపి, గుప్పిట్లో పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత పల్లకి కర్రకి కట్టింది.

"ఇది నీదేనమ్మా, ఉంచుకో. మళ్ళీ అడగను."

పల్లకి లేచింది! బోయీలు భుజం పెట్టకముందే దూదిపింజలా లేచింది. పొలిమేర చేరేలోగా వాన దంచికొట్టింది. ఊరిపెద్ద ఆ బురదలోనే సాగిలపడ్డాడు. "ఇన్నేళ్ళూ నీకు అరువు సొమ్ములు పెట్టి వరాలడిగాం తల్లీ" అని ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మెరిసే చిన్న వస్తువు ఏదైనా దాన్ని 'నాంచారి' అనే అంటారు. పల్లకికి ముందు నాంచారి కట్టాలి, తర్వాతే నగలు. అత్తారింటికి వెళ్ళే పిల్ల ఒంటిమీద ఎంత బంగారమున్నా, తల్లి దాని కొంగున ఒక నాంచారి ముడివేసి, "ఇది నీదే, ఉంచుకో" అంటుంది. బంగారాన్ని తిరిగి అడిగేవాళ్ళు ఉంటారు. నాంచారిని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.