కాలవకు ఇవతలి మల్లెలు

"మల్లెను ఎప్పుడు కత్తిరించాలి స్వామీ?" అని పెంచలయ్య అడిగాడు. అడిగింది కత్తెర సంగతే గానీ కడుపులో మండుతున్నది వేరే.

పెన్న ఒడ్డున శాంతబోధస్వామి ఆశ్రమంలో ఒక మల్లెతోట ఉండేది. నడుమ నీటికాలవ. ఇవతలి చెట్లు పెంచలయ్యవి, అవతలివి ఓబులేసువి. పెంచలయ్య తొమ్మిదేళ్ళ నాటి శిష్యుడు. ఓబులేసు వచ్చి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఉగాదికి ఎవరి చెట్ల పూలతో గురుపీఠానికి తొలిదండ పడుతుందో, ఆ శిష్యుడు వేసవిలో స్వామి వెంట ఊళ్ళు తిరగడం అక్కడి ఆచారం. స్వామి అసలు మాటలన్నీ ఆ దారి నడకలోనే చెబుతారని అందరూ అనుకునేవారు. ఏళ్ళ తరబడి వెంట నడిచిన పెంచలయ్య కిందటి వేసవి మాత్రం వాకిలి ఊడ్చుకుంటూ ఉండిపోయాడు. ఓబులేసు వెళ్ళాడు. తిరిగి వచ్చాక స్వామి ఏదో అంటే వాడు నవ్వేవాడు. ఆ నవ్వు దేనికో పెంచలయ్యకు తెలిసేది కాదు. తొమ్మిదేళ్ళ జపం ఆ నవ్వు ముందు నిలవలేదు. తప్పు పట్టకండి, మనలో మాత్రం ఎవరికి మండదు?

అతని ప్రశ్నకు స్వామి, చెట్టును చూస్తే తెలుస్తుంది అని మాత్రం అన్నారు. వాడికి చెవిలో చెప్పి నాకు డొంకతిరుగుడు మాటా అనుకున్నాడు పెంచలయ్య. ఆ చెప్పిందేదో వాడి చేతుల్లోనే చూసుకుంటానని నిశ్చయించుకున్నాడు.

మల్లె పూయాలంటే ముందు దాన్ని మాడ్చాలి. కార్తీకం దాటాక నీళ్ళు ఆపేస్తారు. ఆకు పండి రాలిపోయాక కొమ్మలను మోకాటి ఎత్తుకు కత్తిరిస్తారు. ఆ తరువాతే ఎరువూ నీళ్ళూ. ఇదంతా పెంచలయ్యకు తెలియనిది కాదు, ఏళ్ళుగా తన కళ్ళతో చూసి కోసినవాడే. ఒక్క ఏడు వెనకబడేసరికి తన చేతిమీద తనకే నమ్మకం పోయింది.

ఆ చలికాలమంతా అతడు కాలవగట్టున కూర్చుని అవతలి తోటమీద కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. ఓబులేసు నీళ్ళు ఆపిన నాడే తానూ ఆపాడు. పుష్యమాసంలో ఒక పొద్దున ఓబులేసు కత్తెర పట్టగానే, తింటున్న చద్దన్నం వదిలేసి పరుగెత్తి తానూ పట్టాడు. వాడు మోకాటి ఎత్తున కోస్తే తాను జానెడు తగ్గించి కోశాడు. పైచెయ్యి కావాలి గదా మరి.

ఓబులేసు నేల మెరక, తొందరగా ఎండింది. ఇవతలిది పల్లం, స్నానాలదొడ్డి నీరంతా ఊరేది అక్కడికే. నీళ్ళు ఆపినా తడి ఆరలేదు. మాఘం వెళ్ళేసరికి ఓబులేసు చెట్లు మొగ్గ తొడిగాయి. పెంచలయ్య చెట్లు నవనవలాడుతూ ఆకు మీద ఆకు వేశాయి, మొగ్గ మాత్రం ఒక్కటి లేదు. ఉగాదినాడు తొలిదండ అవతలి తోటదే అయింది.

ఆ సాయంత్రం పెంచలయ్య స్వామి ఎదుటికి వచ్చాడు. వాడికి చెప్పిన రహస్యం నా దగ్గర ఎందుకు దాచారు, నేను చేసిన పాపమేమిటి అని నిలదీశాడు. స్వామి కోప్పడలేదు. అతణ్ణి తోటలోకి తీసుకువెళ్ళి, ఓబులేసు కత్తెర పట్టిన పొద్దున వాడి చెట్లెలా ఉన్నాయని అడిగారు. పెంచలయ్య గడగడా చెప్పేశాడు. కింది ఆకంతా రాలిపోయింది. కొసలకు రెండు మూడు పండుటాకులు మిగిలాయి. పడమటి వరసలో మూడో పొద ఇంకా పచ్చగా ఉంటే దాన్ని వదిలేసి, నాలుగు రోజులు ఆగి కోశాడు.

"మరి ఆ పొద్దున నీ చెట్లు?"

పెంచలయ్య నోరు తెరిచాడు. ఎంత తవ్వుకున్నా ఒక్క ఆకు గుర్తుకు రాలేదు. పండి ఉందో, పచ్చగా ఉందో, అసలు ఉందో లేదో కూడా చెప్పలేక నిలబడిపోయాడు.

స్వామి ఇవతలి పొదను ఒకసారి చేత్తో నిమిరారు.

"ఓబులేసు తోటకు ఇద్దరు తోటమాలులున్నారు నాయనా. దీనికే ఎవరూ లేరు."