పిలవని పేరంటానికి వచ్చిన రాజుగారు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు పాలవెల్లి అనుకుందాం, ఉద్దండవర్మ అనే రాజుగారు ఉండేవారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ పని చేసినా ముందు ఏనుగు నడవాలి, వెనుక నగారా మోగాలి. దాహమేసి మంచినీళ్ళు అడిగినా ఆ ఆర్భాటమే.

ఆ ఊళ్ళో ఇళ్ళకు కరువు లేదు, ఇల్లు దొరకని వాళ్ళకూ కరువు లేదు. పొరుగూళ్ళనుంచి వచ్చినవాళ్ళు సత్రాల్లో పడి ఉండేవారు. ఏ వీధిలో ఏ ఇల్లు ఖాళీగా ఉందో ఒక దళారికి తెలిస్తే మరొకడికి తెలియదు. తెలిసినవాడు చెప్పడు. అందుకని రాజుగారు 'ఇంటి కబురు' అని వారం వారం ఒక పత్రిక పెట్టించారు. ఏ ఇల్లు ఖాళీ, ఏ బావి నీళ్ళు తియ్యన, ఏ సందు వానకు మునుగుతుంది, అన్నీ అందులో ఉంటాయి. దళారులు నెలకు మానెడు బియ్యం ఇచ్చి తీసుకోవాలి.

రాసే పని కామక్కకు అప్పగించారు. ఆమె భర్త మారన ఆ ఊరి పాత దళారి, పోయి ఏడాదైంది. కోటగుమ్మం పక్క గదిలో ఉంటూ, ఆ బియ్యంతోనే ఆమె బతకాలి.

పత్రిక బాగుంది. తీసుకున్నవాడే లేడు.

రాజుగారు ఊరుకుంటారా? ఏనుగు మీద నగారా కట్టించి దళారుల వీధికి పంపారు. పాలవెల్లిలో నగారా మోగిందంటే కొత్త పన్ను వచ్చిందని అర్థం. ఆ చప్పుడు వినగానే దళారులంతా తలుపులు బిగించి పెరటిదారిన పారిపోయారు. ఏనుగు ఖాళీ వీధంతా తిరిగి, ఎవరిదో అరటిచెట్టు పీక్కుతిని వచ్చేసింది.

తరువాత విందు చేశారు. దళారులు వచ్చారు, పీకలదాకా తిన్నారు, మిగిలిన బూరెలు ఆ పత్రికల్లోనే పొట్లం కట్టుకుని పోయారు.

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. "వచ్చే పౌర్ణమికి ఆ పత్రిక మూసెయ్యండి. కామక్కను గది ఖాళీ చేసి బంధువుల ఊరికి పొమ్మనండి" అన్నారు.

కొలువులో తిప్పన అని ఒక చమత్కారి ఉన్నాడు. నోటి చలవతో బతికేవాడే గాని, ఆ నోరు ఎప్పుడూ లేనివాళ్ళ పక్షమే. అతడు లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, పౌర్ణమి దాకా ఆ పత్రిక నాకు వదిలెయ్యండి. ఖజానా నుంచి గవ్వ కూడా వద్దు. పైన ఉన్న తమ బిరుదులు మాత్రం తీసేయనివ్వండి."

"నా బిరుదులు తీసేస్తావా?"

"ముప్పాతిక కాగితం అవే ఉన్నాయి ప్రభూ. దళారి వాటిని చదివి కిందికి దిగేసరికి, పక్కవాడు ఆ ఇల్లు అమ్మేస్తున్నాడు."

సభ గొల్లుమంది. రాజుగారు మీసం దువ్వుకున్నారు. "సరే. దళారులు తమంతట తాము రావాలి. వాళ్ళేకాదు, పేరూ ప్రతిష్ఠా ఉన్న పెద్దమనిషి ఒక్కడైనా, ఎవరూ పిలవకుండా, తన కాళ్ళతో నడిచివచ్చి ఆ పత్రిక అడగాలి. అలా జరిగితే నువ్వు కోరింది ఇస్తాను. జరగకపోతే కామక్కతో పాటు నువ్వూ ఊరు విడిచిపో."

ఒప్పుకున్నాడు గాని, ఎలా చెయ్యాలో తిప్పనకూ తెలియదు. ఆలోచిస్తూ కామక్క గదికి వెళ్ళాడు. ఆమె అప్పటికే మూట కడుతోంది. మూటలో పైన ఇస్త్రీ మడత చెదరని ఉత్తరీయం ఒకటి ఉంది.

"ఇదేమిటి కామక్కా?"

"మీ అన్నగారిది. ఊళ్ళో సగం మందికి ఆయనే ఇళ్ళు చూపించారు కదా. గృహప్రవేశం అంటే సున్నం కొట్టినవాడికి బట్టలు పెడతారు, వడ్రంగికి పెడతారు, పురోహితులకు పెడతారు. దళారిని మాత్రం ఎవరూ పిలవరు. ఈయనేమో ఆ పూట తలంటుకుని, ఇది భుజాన వేసుకుని అరుగు మీద కూర్చునేవారు. పిలుస్తారేమోనని. మధ్యాహ్నం దాటాక లోపలికొచ్చి, 'వాళ్ళు పనుల్లో ఉండి మరిచిపోయుంటార్లే, అన్నం పెట్టు' అనేవారు."

 తిప్పన ఉంటున్న ఇల్లూ మారన చూపించిందే. తనూ పిలవలేదు.

"నన్ను క్షమించు కామక్కా" అన్నాడు.

"ఆయనే ఎప్పుడో క్షమించేశారు. కూర్చో, మజ్జిగ ఇస్తాను."

మర్నాటినుంచి తిప్పన కొత్తగా జనం దిగిన ఇళ్ళ గుమ్మాలు తొక్కడం మొదలుపెట్టాడు. "అమ్మా, ఈ ఇల్లు మీకు చూపించిందెవరు? ఇక్కడ మీరు సుఖంగా ఉన్నారా?" అని అడిగేవాడు. మొదట్లో మొహమొహాలు చూసుకునేవారు. ఆ తరువాత చెప్పడం మొదలుపెడితే ఆపేవారు కాదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కామక్క పత్రికలో మొదటనే రాసింది. ఖాళీ ఇళ్ళ కబుర్లు దాని కింద. కాసిని ప్రతులు దళారులు రోజూ గడ్డం గీయించుకునే మంగలి అరుగు మీద, తాంబూలం దుకాణంలో పెట్టి, ఎవరినీ తీసుకోమనకుండా వచ్చేశారు.

బుస్సన అని ఒక దళారి ఉన్నాడు. గొంతు పెద్దది, దళారుల్లో అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నవాడు. అతడు సగం గడ్డంతో, మొహాన నురగతో, కామక్క గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఇది నన్ను గురించేనా? ఇంకోసారి చదివి పెట్టవా?"

కామక్క చదివింది. 'మేము నేతపనివాళ్ళం. మా అమ్మకు చూపు తక్కువ. రాట్నం దగ్గర తూర్పు వెలుగు పడాలని బుస్సనగారు వానలో తడుస్తూ ఇల్లిల్లూ తిరిగి ఈ ఇల్లు చూపించారు. గృహప్రవేశానికి పిలవకపోవడం మా తప్పు. ఈ శుక్రవారం భోజనానికి రావాలి.'

బుస్సన ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. నురగ తుడుచుకున్నాడో, కన్నీళ్ళు తుడుచుకున్నాడో అడగడం మర్యాద కాదు.

"ఇది నాకిచ్చెయ్యి. మా మామగారికి చూపించాలి. ఆయన ఇప్పటికీ నన్ను అబద్ధాలకోరు అంటాడు. బియ్యం సాయంత్రం తెస్తాను." గుమ్మం దాటబోయి ఆగి, కాగితం కిందివైపు చూశాడు. "అరె, గవరల సందులో ఇల్లు ఖాళీయా? నాకు తెలియనే తెలియదే!"

ఆ వారం వచ్చినవాడు అతడొక్కడే. పైవారం గుమ్మం ముందు వరస కట్టారు. తన పేరు వచ్చిందేమోనని వచ్చినవాడు ఖాళీ ఇంటి కబురు పట్టుకుపోయేవాడు. తనకు తెలిసిన ఖాళీ ఇంటి కబురు ఇచ్చిపోయేవాడు కూడా. ఒకడు తన పొగడ్త తానే రాసుకొచ్చాడు. "ఇంట్లో ఉన్నవాళ్ళు చెప్పాలి నాయనా" అని కామక్క తిప్పి పంపింది. దాంతో మరీ చిత్రం జరిగింది. ఉప్పునీళ్ళ బావిని ఉప్పునీళ్ళ బావి అని దళారులే చెప్పడం మొదలుపెట్టారు. ఎదుటివాడి పేరు వచ్చిన ప్రతిని కొందరు దాచేస్తున్నారని తెలిసి, ఎవరి పేరు వస్తే వాళ్ళే స్వయంగా వచ్చి తీసుకోవాలని కామక్క కట్టడి కూడా పెట్టింది.

ఈ సంగతి విని రాజుగారు పెదవి విరిచారు. "దళారులు వచ్చారు, సరే. పెద్దమనిషి ఏడీ? రేపే పౌర్ణమి."

"అదే బెంగగా ఉంది ప్రభూ" అన్నాడు తిప్పన. "ఈ వారం తమ పేరు కూడా వచ్చింది. తమకు చూపిద్దామంటే నా దగ్గర ప్రతి లేదు."

"నా పేరా? ఏమని?"

"ఎవరో ముసలమ్మ చెప్పింది ప్రభూ. నేను చెబితే ఆ రుచి రాదు."

"భటుణ్ణి పంపి తెప్పించు."

"కామక్క కట్టడి తమకు తెలిసిందే. ఎవరి పేరు వస్తే వారే రావాలి. తమంతటివారు ఎలా వెళతారు? పోనివ్వండి."

ఆ మధ్యాహ్నం రాజుగారికి కునుకు పట్టలేదు. సాయంత్రం ఒక గొంగడి ముసుగు కప్పుకుని, ఏనుగూ నగారా లేకుండా, వరసలో బుస్సన వెనుక నిలబడ్డారు.

"ఏ వీధి దళారివయ్యా? కొత్తగా కనబడుతున్నావు" అన్నాడు బుస్సన.

"కోట వీధి."

"చేతిలో మంచి ఇల్లేమైనా ఉందా?"

"ఒకటుంది. పెద్దదే. అమ్మకానికి కాదు."

వంతు వచ్చింది. కామక్క ముసుగులోకి తొంగిచూసి, కాగితం అందించింది. రాజుగారు అక్కడే చదువుకున్నారు.

'నేను రాజుగారిని పెంచిన దాది ఎల్లక్కను. ముసలిదాన్నైపోయానని, ఏనుగుశాల పక్కన నాకు ఇల్లు చూపించింది మా రాజే. చిన్నప్పుడు ఏనుగును చూపిస్తేగాని ముద్ద మింగేవాడు కాదు. అది గుర్తుపెట్టుకుని ఈ ఇల్లు ఇచ్చి ఉంటాడు. ఇంట్లో ఇంకా పాలు పొంగించలేదు. ఇల్లు చూపించినవాడు రాకుండా ఎలా పొంగిస్తాను?'

గొంగడి జారి కింద పడింది. రాజుగారు పట్టించుకోలేదు. బుస్సన నోరు తెరిచి, సాష్టాంగపడ్డాడు.

"ఇల్లు ఇచ్చేశాను, అయిపోయిందనుకున్నాను" అన్నారు రాజుగారు మెల్లగా. "నేను వెళ్ళనే లేదు."

అప్పుడు తలుపు వెనుకనుంచి తిప్పన వచ్చాడు. "ప్రభూ, పేరూ ప్రతిష్ఠా ఉన్న పెద్దమనిషి, తన కాళ్ళతో నడిచి..."

"నువ్వే కదా చెప్పావు!"

"ప్రతి లేదని చెప్పాను ప్రభూ. రమ్మని అన్నానా?"

రాజుగారు కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వారు. "ఓడిపోయాను. ఇంతకీ ఖర్చెంతయింది?"

"నాలుగిళ్ళలో మజ్జిగ తాగాను. అది కూడా వాళ్ళదే. జనం మనసులో ఉన్న మంచిమాట అక్కడే మగ్గిపోతోంది, దాన్ని చేర్చవలసిన గుమ్మానికి చేర్చాను. అంతే."

"కోరుకో."

"ఆ గది కామక్కదే కావాలి. ఈ ఊళ్ళో గృహప్రవేశమైతే దళారికీ బట్టలు పెట్టాలి. మొదటి జత మారన పేరున రావాలి."

పౌర్ణమినాడు ఎల్లక్క ఇంట్లో పాలు పొంగాయి. దళారులందరికీ పిలుపు వెళ్ళింది. రాజుగారు తమ చేతులతో పట్టుబట్టల జత తెచ్చి కామక్క ఒడిలో పెట్టారు. ఆమె వాటిమీద ఆ పాత ఉత్తరీయం పరిచి, "పిలుపు వచ్చింది చూశారా" అంది, పక్కనెవరో కూర్చున్నట్టు.

తిప్పనకు రాజుగారి చేతి కంకణం దక్కింది. ఆ తరువాత అందరూ పంక్తిలో కూర్చున్నారు. రాజుగారు విస్తరి ముందు ఊరికే చూస్తూ కూర్చుంటే, ఎల్లక్క ముద్ద కలిపి నోటిదాకా తెచ్చింది.

"అదిగో, కిటికీలోంచి కనబడుతోంది ఏనుగు. ఇక మింగు నాయనా."

రాజుగారు దళారులందరి ఎదుటా పెద్దగా నవ్వి, నోరు తెరిచారు.