ఊడదీసిన కీ

రైల్వేలో చిన్న ఇన్‌స్పెక్టరు నరహరికి పైడయ్య మీద అనుమానం. వానలకు నాలుగు రోజులుగా పట్టాల మీద తనిఖీకి వెళ్ళే ట్రాలీ కదల్లేదు. వరస ప్రకారం తాను తనిఖీ చెయ్యాల్సిన లైనంతా అలాగే ఉండిపోయింది. రోజూ పట్టాల వెంట నడిచి చూసే కీమ్యాన్ పైడయ్య పుస్తకంలో మాత్రం నాలుగు రోజులూ ఒకటే మాట: "లైను బాగుంది." ఒకటే సిరా, ఒకటే వంకర రాత.

"ఇంట్లో కూర్చుని రాసేశాడు, గురువుగారూ."

పెద్ద ఇన్‌స్పెక్టరు మృత్యుంజయరావు తడిసిన గొడుగు మడుస్తున్నాడు. ఆ గొడుగు ఆయనకు ఉద్యోగం వచ్చిన ఏడు కొన్నది. గుడ్డ మూడుసార్లు మారింది, పిడి రెండుసార్లు. అయినా అదే గొడుగు అనేవాడు. అది సరే.

వాన తెరిపిచ్చిన సాయంత్రం నరహరి ఒక్కడూ కల్వర్టు దాకా వెళ్ళాడు. పట్టాను కింది స్లీపరు దిమ్మెకు బిగించే ఇనప ముక్కను కీ అంటారు. ఒకటి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు కూడా పైడయ్య "లైను బాగుంది" అనే రాశాడు.

ఆ మరుసటి పొద్దున నరహరి గురువుగారి దగ్గరికి రిపోర్టు పట్టుకొచ్చాడు. కల్వర్టు దగ్గర కీ లేకపోయినా కీమ్యాన్ చూడలేదు, ఉద్యోగంలోంచి తీసేయాలి అని. కీ బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడిది?"

"నేనే తీశాను. పరీక్షకి."

మృత్యుంజయరావు రిపోర్టు జేబులో పెట్టుకుని, గొడుగు తీసుకుని లేచాడు. దారిలో పైడయ్యనీ పిలిచాడు.

కల్వర్టు దగ్గర కీ ఉంది. కొత్తది. సుత్తి దెబ్బ పడ్డచోట మెరుస్తోంది.

"ఇదెప్పుడు వేశావయ్యా?"

"నిన్న పొద్దున్నే బాబూ. సంచిలో ఉంటే ఏసేసినాను."

"పుస్తకంలో రాయలేదేం?" నరహరి గొంతు పెంచాడు.

"ఒక్క కీకి ఏటి రాస్తాం బాబూ? ఏసేసినాక లైను బాగున్నట్టే గదా." పైడయ్య తల గోక్కున్నాడు. "కానీ ఊడి పడిపోతే కిందే ఉండాల. నేదు. ఎవుడో తీసినాడని అనుమానమొచ్చి, సాయంత్రం మళ్ళీ మూడు మైళ్ళూ నడిచినాను. ఇంకెన్ని పీకినాడో ఆ ఎదవ, అని."

మృత్యుంజయరావు రిపోర్టు తీసి, కలంతో సహా నరహరి చేతికిచ్చాడు.

"కింద కాస్త ఖాళీ ఉంది. తీసినవాడి పేరు కూడా రాయి."

పైడయ్య ఆశగా దగ్గరికొచ్చాడు. "ఆడు దొరికినాడా బాబూ?"